క్యాథ్‌ల్యాబ్ లేని ఊళ్ళో గుండె వైద్యంలో కొత్తవి నేర్చుకోవడం ఎట్లా?

ప్రశ్న: భూపాలపల్లిలో ఇరవై పడకల ఆసుపత్రి నడుపుతున్నాను. క్యాథ్‌ల్యాబ్ (గుండె నాళాల్లోకి గొట్టం పంపి చికిత్స చేసే గది) లేదు. ఎండీ జనరల్ మెడిసిన్ చేసి పన్నెండేళ్ళయింది. సీఎంఈలకు (డాక్టర్ల చదువు కొనసాగింపు సదస్సులకు) హన్మకొండ, హైదరాబాద్ పోయి వస్తుంటాను, క్రెడిట్ గంటలకు కొదవ లేదు. టావీ (నాళం గుండా కొత్త వాల్వు పెట్టడం), మైట్రాక్లిప్ (కారే వాల్వుకు క్లిప్పు), సీఆర్‌టీ (రెండు జఠరికలనూ కలిసి కొట్టించే పేస్‌మేకర్) అని స్లైడ్లు చూస్తాను. సోమవారం ఓపీలో కూర్చుంటే మళ్ళీ పాత చీటీనే రాస్తున్నాను. ఒక సంస్థ ఆన్‌లైన్‌లో ఏడాది కార్డియాలజీ డిప్లొమా ఇస్తామంటోంది. చేరమంటారా? చేరకపోతే నాలాంటి వాడు ఏది ముందు నేర్చుకోవాలి?

సమాధానం:

డాక్టరు గారూ, డిప్లొమా సంగతి ముందు తేల్చేద్దాం. డబ్బు కట్టే ముందు వాళ్ళను మూడు ప్రశ్నలు అడగండి. ఎన్‌ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) గుర్తింపు ఉందా? ఏడాదిలో రోగి పక్కన నిలబడే గంటలెన్ని? మీరు చదివిన ఈసీజీని, తీసిన ఎకోను (గుండె అల్ట్రాసౌండ్‌ను) తిరిగి చూసి తప్పు దిద్దేదెవరు? మూడో ప్రశ్నకు పేరుతో సహా జవాబు రాకపోతే అది వీడియోల కట్ట. అట్లాంటివి ఉచితంగానే బోలెడు దొరుకుతాయి. ఇంకో జాగ్రత్త. 2002 నాటి వృత్తి నియమావళి ప్రకారం ఆ శాఖలో ప్రత్యేక అర్హత లేకుండా స్పెషలిస్టునని చెప్పుకోకూడదు. సర్టిఫికెట్ వచ్చినా బోర్డు మీద గుండె నిపుణులు అని రాయించుకుంటే చిక్కు మీకే.

క్రెడిట్ల లెక్క కూడా ఆ నియమావళిదే: ఐదేళ్ళలో కనీసం 30 గంటలు. 2023 ఆగస్టులో ఎన్‌ఎంసీ కొత్త నిబంధనలు తెచ్చి, ఆ నెలలోనే పక్కన పెట్టింది. ఏడాదికి ఆరు గంటలంటే రెండు ఆదివారాల పూటలు. వాటితో రిజిస్ట్రేషన్ రెన్యూవల్ అయిపోతుంది, మందుల చీటీ మాత్రం మారదు. మీరు రాసింది సరిగ్గా అదే.

చీటీ మారాలంటే ఏ పెద్ద చికిత్స గురించి విన్నా మీ కుర్చీలోంచి మూడే విషయాలు చూడండి: పంపే ముందు నేను ఏం పూర్తిచేయాలి, ఏ రోజు పంపాలి, చేయించుకుని తిరిగొచ్చాక ఏం కనిపెట్టాలి. టావీ వాల్వు ఎట్లా కూర్చోబెడతారో భూపాలపల్లిలో మీకు పనికిరాదు. టావీ చేయించుకున్న వారానికి ఒక పెద్దాయన "కండ్లు తిరుగుతున్నయ్ సార్" అంటూ వస్తే అది బలహీనత కాకపోవచ్చని, హార్ట్ బ్లాక్ (గుండెలో కరెంటు దారికి అడ్డు) ఆలస్యంగానూ వస్తుందని, ఇంజెక్షన్ రాయకముందే ఈసీజీ తీయాలని తెలిసుంటే ఆయన బతుకుతాడు.

హార్ట్ ఫెయిల్యూర్‌తో మొదలుపెట్టండి. కొత్త చికిత్సల్లో సగం బరువు ఫిజీషియన్ మీదే ఉండేది ఇక్కడే. ఐసీడీ (ప్రమాదకరమైన లయకు షాకిచ్చే పరికరం) గానీ సీఆర్‌టీ గానీ పెట్టాలంటే ఈఎఫ్ (గుండె ఒక్కో దెబ్బకు బయటికి నెట్టే రక్తం శాతం) 35 శాతం లోపు ఉండాలి, అదీ సరైన మందులు కనీసం మూడు నెలలు సరైన డోసుల్లో వాడిన తర్వాత కొలిచినది. గుండెపోటు తర్వాతైతే ఐసీడీకి 40 రోజులు ఆగాలి. సీఆర్‌టీకి ఈసీజీలో ఎల్‌బీబీబీ (ఎడమవైపు కరెంటు దారికి అడ్డు) ఉండి క్యూఆర్‌ఎస్ వెడల్పు 150 మిల్లీసెకన్లు దాటితే లాభం ఎక్కువ. మీరు పంపిన రోగికి నాలుగు మందుల్లో రెండే ఉంటే, అవీ సగం డోసుల్లో ఉంటే, హైదరాబాద్‌లోని కార్డియాలజిస్టు మందుల దగ్గరి నుంచే మళ్ళీ మొదలుపెట్టాలి. ఆ మూడు నెలలూ రోగి ఖాతాలోంచే పోతాయి.

ఆ నాలుగూ మీకు తెలిసినవే: సాకుబిట్రిల్-వాల్సార్టాన్ (లేదంటే ఏసీఈ ఇన్హిబిటర్ లేదా ఏఆర్‌బీ), బీటా బ్లాకర్, స్పైరనోలాక్టోన్, డాపాగ్లిఫ్లోజిన్ లేదా ఎంపాగ్లిఫ్లోజిన్. డాపాగ్లిఫ్లోజిన్ మొదటి పేటెంట్ 2020లో తీరింది, సాకుబిట్రిల్-వాల్సార్టాన్ జనరిక్‌లు 2023 నుంచి దొరుకుతున్నాయి. కాబట్టి ధర ఎక్కువనే పాత సాకు ఇప్పుడు అంతగా చెల్లదు. తప్పులు జరిగేది వివరాల్లో.

మార్గదర్శకాల్లో సాకుబిట్రిల్-వాల్సార్టాన్ డోసు 24/26, 49/51, 97/103 అని (రెండు మందులవీ విడివిడిగా, మి.గ్రా.లో) ఉంటుంది. మన మెడికల్ షాపులో అవే 50, 100, 200 గోలీలు. 50తో రోజుకు రెండు పూటలు మొదలుపెట్టి 200 రెండు పూటల దాకా పోవాలి. రామిప్రిల్, ఎనలాప్రిల్ వాడే వాళ్ళకు ఆ గోలీ ఆపి 36 గంటలు గడిచాకే ఇది వేయాలి, లేకపోతే నాలుక, గొంతు వాచే ప్రమాదముంది. టెల్మిసార్టాన్ మీద ఉంటే విరామం అక్కర్లేదు, తర్వాతి డోసు స్థానంలో దీన్ని ఇచ్చేయడమే. కానీ పాత చీటీ జేబులో పెట్టుకున్న రోగి షాపులో టెల్మిసార్టాన్ కూడా కొంటూనే ఉంటాడు. రెండూ పడి బీపీ 80కి దిగితే "కొత్త గోలీ పడలేదు" అని అదే మానేస్తాడు. పాత చీటీ మీద అడ్డగీత కొట్టి, పక్కన తెలుగులో "ఇది బంద్" అని రాసివ్వండి. ఈ మందు మీదున్న వాళ్ళకు బీఎన్‌పీ (గుండె మీద ఒత్తిడి చూపే రక్తపరీక్ష) పెరిగి కనపడుతుంది, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ చేయించండి.

బీటా బ్లాకర్లలో మెటోప్రొలాల్ సక్సినేట్‌కు ఆధారముంది, టార్ట్రేట్‌కు లేదు. చీటీలో ఉత్త "మెటోప్రొలాల్ 25" అని రాస్తే షాపులో ఏది ముందు చేతికొస్తే అదిస్తారు. సక్సినేట్ అన్న మాటతో సహా పూర్తిగా రాయాలి. కార్వెడిలాల్ అయితే 3.125 రెండు పూటలతో మొదలై 25 రెండు పూటలకు, బైసోప్రొలాల్ అయితే 1.25 నుంచి 10కి. ఊపిరితిత్తుల్లో నీరు తీరకముందు మాత్రం కొత్తగా మొదలుపెట్టొద్దు.

మన దగ్గర ఎక్కువగా తప్పిపోయేది స్పైరనోలాక్టోన్. పొటాషియం భయంతో రాయరు. పొటాషియం 5.0 లోపు, ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ వడపోత వేగం) 30 పైన ఉంటే 25 మి.గ్రా. మొదలుపెట్టి, వారం తర్వాత ఒకసారి, నాలుగు వారాల తర్వాత ఇంకోసారి పరీక్ష చేయండి. 5.5 దాటితే సగం చేయండి, 6 దాటితే ఆపండి. అయితే వచ్చిన రిపోర్టును కూడా అనుమానించాలి. పొద్దున తీసిన రక్తం సీరం వేరు చేయకుండా మధ్యాహ్నం బస్సులో హన్మకొండ ల్యాబుకు పోతే పొటాషియం అబద్ధంగా 5.8 చూపుతుంది. ఐస్ డబ్బాలో పెడితే కణాల్లోంచి ఇంకా బయటికొస్తుంది. మీ దగ్గరే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, సీరం వేరు చేసి పంపితే మంచి మందు ఊరికే ఆగిపోదు.

ఎంత వేగంగా పెంచాలన్న దానికి 2022లో వచ్చిన స్ట్రాంగ్-హెచ్ఎఫ్ అధ్యయనం చదవండి. డిశ్చార్జికి ముందే సగం డోసు, రెండు వారాల్లో పూర్తి డోసు. 1, 2, 3, 6 వారాలకు బీపీ, నాడి, పొటాషియం, క్రియాటినిన్, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ చూశారు. సిస్టోలిక్ 95 లోపు, నాడి 55 లోపు, లేదా పొటాషియం 5.0 పైన ఉంటే పెంచలేదు. ఆరు నెలల్లో చనిపోవడం లేదా మళ్ళీ చేరడం మామూలు పద్ధతిలో 23.3 శాతం, ఇట్లా చూసిన వాళ్ళలో 15.2 శాతం. ఇందులో క్యాథ్‌ల్యాబ్ పని ఒక్కటీ లేదు. మీకు కావలసింది నాలుగు తారీఖులు రాసిన కాగితం, రోగి రాకపోతే ఫోన్ చేసే ఒక నర్సు.

రోగి ఎందుకు మళ్ళీ మళ్ళీ చేరుతున్నాడో వెతికేటప్పుడు గుండె కంటే ముందు మందుల సంచి కుమ్మరించండి. షుగరు మూడు మందుల గోలీలో పయోగ్లిటాజోన్ దాక్కుని ఉంటుంది, హార్ట్ ఫెయిల్యూర్‌లో అది ఇవ్వకూడనిది. మోకాళ్ళ నొప్పులకు ఊరి ఆర్‌ఎంపీ వేసిన డైక్లోఫెనాక్ సూది, ఎటోరికాక్సిబ్ గోలీ ఉంటాయి. కాళ్ళ వాపు ఆమ్లోడిపిన్ వల్ల వచ్చి ఉంటుంది, దానికి లాసిక్స్ (ఫ్యూరోసెమైడ్) పెరుగుతూ పోయి ఉంటుంది. ఉప్పు తగ్గించమంటే కూరలో తగ్గిస్తారు, మామిడికాయ తొక్కు, ఎండు చేపలు లెక్కలోకి రావు. పేరు పెట్టి అడగాలి. ఇక "దమ్ము వస్తుంది" అన్న ప్రతి ఒక్కరికీ ఆస్తమా ముద్ర వేసి ఇన్‌హేలర్ ఇచ్చిన చీటీలు మీరే చూసి ఉంటారు. ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ 300 లోపు ఉంటే అప్పటికప్పుడు వచ్చిన దమ్ముకు గుండె కారణం కాదని చాలావరకు చెప్పొచ్చు. ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) కూడా చూడండి: 100 లోపు, లేదా 100 నుంచి 299 మధ్య ఉండి ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ 20 శాతం లోపు ఉంటే ఇనుము లోపమే. వీళ్ళకు ఐరన్ గోలీలు పనిచేయవు, సెలైన్‌లో ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ ఇవ్వాలి.

ఏ రోజు పంపాలి? ఏడాదిలో ఒకసారికి మించి చేరడం, సిస్టోలిక్ 90 దగ్గర తచ్చాడడం, ఫ్యూరోసెమైడ్ రోజుకు 160 మి.గ్రా. దాటినా వాపు దిగకపోవడం, డోబుటమిన్ లాంటి గుండె బలం పెంచే మందు అవసరపడడం, కిడ్నీ, లివర్ పరీక్షలు చెడుతూ పోవడం, ఐసీడీ షాకులివ్వడం, నిన్నటిదాకా పడ్డ మందును ఇవాళ బీపీ తట్టుకోక తగ్గించాల్సి రావడం. వీటిలో ఒక్కటున్నా గుండె మార్పిడి, ఎల్‌వ్యాడ్ (గుండెకు సాయంగా రక్తం తోడే పంపు) గురించి ఆలోచించే కేంద్రానికి చూపించాలి. తెలంగాణలో అవయవ మార్పిడి నమోదు జీవన్‌దాన్ ద్వారా జరుగుతుంది. మంచానపడ్డాక పంపితే జాబితాలో పేరెక్కినా ఆపరేషన్ తట్టుకునే శరీరం ఉండదు. ఇక్కడ మన డాక్టర్ల మొహమాటం ఎక్కువ, "ఇంకొన్నాళ్ళు చూద్దాం" అంటూ ఆర్నెల్లు గడిపేస్తాం.

రెండోది గుండెపోటు. ఇందులో మీకు లెక్కలు రావాలి. ఈసీజీ తీయడానికి 10 నిమిషాలు. అంబులెన్సు, ఇంటివాళ్ళ ఒప్పుకోలు, డబ్బు సర్దుబాటుకు అరగంట. హన్మకొండకు గంటన్నర. మేడారం జాతర రోజుల్లో ఆ గంటన్నరకు హామీ లేదు. రాత్రి పూట క్యాథ్‌ల్యాబ్ తెరిచి మూసుకున్న ధమనిలో వైరు దాటించేసరికి ఇంకో అరగంట, ముప్పావు గంట. మొత్తం 120 నిమిషాలు ఎప్పుడో దాటింది. 120 లోపు యాంజియోప్లాస్టీ కుదరదని తేలితే ఈసీజీలో ఎస్‌టీ గీత పెరిగిన గుండెపోటుకు గడ్డ కరిగించే సూది మీ దగ్గరే, నిర్ధారణైన పది నిమిషాల్లో పడాలన్నది లక్ష్యం.

ఆ సూది, టెనెక్టెప్లేస్, డోసు గోడ మీద అంటించండి: 60 కిలోల లోపు 30 మి.గ్రా., 60-69కి 35, 70-79కి 40, 80-89కి 45, 90 పైన 50. డెబ్బై అయిదేళ్ళు దాటితే సగం. వెంట వచ్చే స్టెరైల్ నీళ్ళతోనే కలపాలి. సీసాను ఊపొద్దు, మెల్లగా తిప్పాలి. ఐవీ లైన్‌లో డెక్స్‌ట్రోస్ ఉంటే మందు అక్కడే గడ్డకట్టి తెల్లగా పేరుకుంటుంది, సూదికి ముందూ తర్వాతా సెలైన్‌తో కడగాలి. ఐదు సెకన్లలో ఒకే బోలస్. తోడుగా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ 300 (75 ఏళ్ళు దాటితే 75), ఎనాక్సాపరిన్. టికాగ్రెలార్ కొత్తదని ఉత్సాహపడి సూదితో పాటే ఇవ్వొద్దు. ముందుగా అడగాల్సినవి: ఎప్పుడైనా మెదడులో రక్తస్రావం, ఈమధ్య పక్షవాతం, ఇప్పుడు ఎక్కడైనా రక్తం పోవడం, వీపులోకి చీల్చినట్టు నొప్పి. చివరిదానికి అవునంటే బృహద్ధమని చీలిక కావచ్చు, రెండు చేతులా బీపీ చూడకుండా సూది ముట్టొద్దు.

అసలు పొరపాటు తర్వాత జరుగుతుంది. నొప్పి తగ్గింది కదా అని రోగిని రెండు రోజులు మీ దగ్గరే ఉంచేస్తారు. సూది వేసిన నిమిషంలోనే అంబులెన్సు పిలవాలి. 60 నుంచి 90 నిమిషాల మధ్య తీసిన ఈసీజీలో ఎస్‌టీ సగానికి దిగకపోతే అది వెంటనే యాంజియోప్లాస్టీ కావలసిన కేసు. దిగినా 2 నుంచి 24 గంటల లోపు యాంజియోగ్రాం కావాలి. సూది తర్వాత నాడి 70, 80 దగ్గర వెడల్పు క్యూఆర్‌ఎస్‌తో కాసేపు నడిచి బీపీ నిలకడగా ఉంటే, అది రక్తం మళ్ళీ పారుతున్న గుర్తు కావచ్చు. కంగారుపడి అమియోడరోన్ ఎక్కించొద్దు. ఏసీఎల్ఎస్ (గుండె ఆగినప్పుడు చేసే అత్యవసర చికిత్స) కోర్సు చేయండి, రెండేళ్ళకోసారి తిరగచేయాలి. నర్సులను కూడా పంపండి. రాత్రి రెండింటికి డీఫిబ్రిలేటర్ దగ్గర ముందుండేది వాళ్ళే.

వాల్వుల గురించి క్లుప్తంగా. బృహద్ధమని కవాటం ఇరుకైన వాళ్ళలో వైశాల్యం ఒక చదరపు సెం.మీ. లోపు, సగటు గ్రేడియెంట్ (కవాటానికి అటూ ఇటూ ఒత్తిడి తేడా) 40 దాటడం, వేగం సెకనుకు 4 మీటర్లు దాటడం తీవ్రత గుర్తులు. ఈఎఫ్ తగ్గిన గుండెలో గ్రేడియెంట్ 25 చూపినా జబ్బు తీవ్రంగానే ఉండొచ్చు, రిపోర్టులో "మోడరేట్" అన్న మాట చూసి ఊరుకోవద్దు. రుమాటిక్ మైట్రల్ స్టెనోసిస్ (కీళ్ళవాత జ్వరం వల్ల మైట్రల్ కవాటం ఇరుకవడం) మన పల్లెల్లో ఇంకా ఉంది. వీళ్ళకు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదుల లయ తప్పడం) వస్తే కొత్త రక్తం పలచబరిచే గోలీలకు మార్చొద్దు. 2022లో ఇన్విక్టస్ అధ్యయనంలో రివరాక్సబాన్ కంటే వార్ఫరిన్ లాంటి పాత విటమిన్-కె విరోధి మందులే ఎక్కువ ప్రాణాలు కాపాడాయి. ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చూపే పరీక్ష) 2 నుంచి 3 ఉండాలి. ఆకుకూరలు మానమనడం కంటే వారం వారం ఒకే మోతాదులో తినమనడం మేలు, గోంగూర మానేసే ఇల్లు ఇక్కడ ఎక్కడుంది?

చేత్తో నేర్చుకోవాల్సింది ఒకటే: ఫోకస్డ్ ఎకో. నాలుగు వ్యూలు, కంటితో ఈఎఫ్ అంచనా, గుండె చుట్టూ నీరు, కుడి జఠరిక పరిమాణం, ఐవీసీ అనే పెద్ద సిర (2.1 సెం.మీ. మించి ఉండి, గట్టిగా ముక్కుతో పీల్చినప్పుడు సగం కూడా ముడుచుకోకపోతే కుడి ఏట్రియంలో ఒత్తిడి ఎక్కువ), ఊపిరితిత్తుల్లో బీ-లైన్లు (నీరు చేరిన గుర్తులు). అమెరికన్ శిక్షణ ప్రమాణంలో తొలి మెట్టుకే 75 ఎకోలు చేయాలి, 150 చదవాలి. వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీ (కేఎంసీ) ఆవరణలోని సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలోనో, మీరు రోగులను పంపే ప్రైవేటు ఆసుపత్రిలోనో వారానికి ఒక పూట కూర్చోనిస్తారా అని అడగండి. మీ అంచనా ముందు కాగితం మీద రాసి, ఆ తర్వాతే వాళ్ళ రిపోర్టు చూడండి. ముందు రిపోర్టు చూస్తే కన్ను దాని వెంటే పోతుంది. మెషిన్ కొనే ముందు డీఎంహెచ్‌ఓ ఆఫీసులో పీసీపీఎన్‌డీటీ (గర్భస్థ లింగనిర్ధారణను నిషేధించే చట్టం) రిజిస్ట్రేషన్ సంగతి తేల్చుకోండి. చేతిలో పట్టే చిన్న ప్రోబు కదా అని తేలిగ్గా తీసుకుంటే సీజ్ అయ్యేదాకా పోతుంది.

చదువుకు వారానికి ఒక గంట చాలు. యూరోపియన్ సొసైటీ మార్గదర్శకాలు ఏటా ఆగస్టు చివర వాళ్ళ వెబ్‌సైట్లో ఉచితంగా వస్తాయి. మొత్తం చదవొద్దు, సిఫారసుల పట్టికల్లో క్లాస్ 1, క్లాస్ 3 మాత్రం చూడండి. క్లాస్ 1 అంటే చేయాల్సినవి, క్లాస్ 3 అంటే చేయకూడనివి. మనం అలవాటుగా చేస్తున్నవి అక్కడ కనిపిస్తే కొంచెం సిగ్గేస్తుంది, అదే ఉపయోగం. కంపెనీ పెట్టే మీటింగులో "20 శాతం తగ్గింపు" అన్న స్లైడు వస్తే దేనిలోంచి దేనికని అడగండి. సాకుబిట్రిల్-వాల్సార్టాన్ మీద 2014లో వచ్చిన పారాడైమ్ అధ్యయనంలో ఆ 20 శాతం అంటే గుండె జబ్బుతో చనిపోవడం లేదా హార్ట్ ఫెయిల్యూర్‌తో చేరడం 26.5 శాతం నుంచి 21.8కి తగ్గడం. మంచి ఫలితమే, కానీ 21 మందికి ఇస్తే ఒకరికి లాభమని తెలిసి ఇవ్వడం వేరు. కంపెనీ టికెట్ల మీద కాన్ఫరెన్సులకు పోవడం నియమావళికి విరుద్ధమని మీకు తెలుసు.

నేర్చుకున్నది చీటీలోకి దిగిందా లేదా అన్నది మీ కేస్ షీట్లే చెబుతాయి. ఈమధ్య డిశ్చార్జి అయిన హార్ట్ ఫెయిల్యూర్ షీట్లు ఇరవై తీసి, తెల్లకాగితం మీద గడులు గీయండి: ఈఎఫ్ రాసి ఉందా, నాలుగు మందుల్లో ఎన్ని, డోసెంత, ఇవ్వనిదానికి కారణం రాశారా, రెండు వారాల్లో పొటాషియం చూశారా, తర్వాతి తారీఖు ఇచ్చారా. మొదటిసారి చూసినప్పుడు కారణాల గడి చాలావరకు ఖాళీగా ఉంటుంది. ఆరు నెలలకు మరో ఇరవై తీయండి. గుండెపోటు కేసులకు విడిగా మూడు గడియారపు వేళలు చాలు: గేటు దాటిన వేళ, ఈసీజీ వేళ, సూది వేళ. నర్సు రాయాలి, మీరు కాదు. డాక్టరు రాస్తే నిమిషాలు ఎప్పుడూ గుండ్రంగా వస్తాయి.

పంపే చీటీలో ఈసీజీ ఫోటో, సూది పడ్డ వేళ, ఇచ్చిన మందులు, క్రియాటినిన్, మీ సొంత మొబైల్ నంబరు ఉండాలి. రోగిది సింగరేణి కార్డా, ఆరోగ్యశ్రీయా చూసి, ఆ ఆసుపత్రిలో ఆ ప్యాకేజీ ఉందో లేదో ఆరోగ్యమిత్రకు ఫోన్ చేసి కనుక్కున్నాకే బండెక్కించండి. అత్యవసరమైతే బండి కదిలాక కనుక్కోండి. మూడో రోజు మీరే అక్కడికి ఫోన్ చేసి ఏ ధమని మూసుకుంది, మీ సూది పనిచేసిందా అని అడగండి. డిశ్చార్జి సమ్మరీ వాట్సాప్‌లో తెప్పించుకుని, మీరు తీసిన ఈసీజీ పక్కన పెట్టి మళ్ళీ చూడండి.